రిపోర్టులు నార్మల్, నొప్పి మాత్రం పోలేదు

గుంటూరు కొరిటెపాడు నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవీ.

ఆమెకి 43 ఏళ్ళు. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతారు. సీజన్లో చుట్టుపక్కల ఆడవాళ్ళతో కలిసి మిరపకాయల తొడిమలు తీసే పనికీ వెళ్తారు. భర్త మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. ఇంట్లో అత్తగారు, డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఉన్నారు. కిందటేడు వానాకాలంలో ఈమెకి చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది. మణికట్లు, వేళ్ళు, చీలమండలు వాచి, ఆ వాపు తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. నొప్పి మాత్రం ఇప్పటికీ ఉంది.

"పొద్దున్నే బ్రష్ పట్టుకోవాలన్నా ఏడుపొస్తుంది. గోరువెచ్చని నీళ్ళు పోసుకున్నా మణికట్టు దగ్గర చుర్రుమంటుంది. ఇదివరకు సాయంత్రం దాకా తొడిమలు తీసినా కాస్త కొబ్బరినూనె రాసుకుంటే సరిపోయేది. ఇప్పుడు గంటసేపు తీస్తే రాత్రంతా చేతులు మండుతున్నాయి" అని రాశారు.

ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్ఏ ఫ్యాక్టర్ అన్నీ చేయించారు. అన్నీ నార్మల్. చూసిన డాక్టరు "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారట. ఆ మాట ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అత్తగారు "పని ఉన్నప్పుడే వస్తుంది ఆ నొప్పి" అనడం మొదలుపెట్టారు. భర్త ఏమీ అనరు, అదే ఎక్కువ బాధగా ఉందంటారీవిడ. తెలిసినవాళ్ళు చెబితే ఒక ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళారు. ఆయన పేరులేని కాగితం పొట్లాల్లో ఇచ్చే మాత్రలు వేసుకున్న పూటే హాయిగా ఉంటుంది. ఐదు నెలలుగా అవే వాడుతున్నారు. మొహం ఉబ్బినట్టుందని, ఆకలి ఎక్కువైందని కూడా రాశారు.

ఇంతలో విజయవాడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసే ఆడపడుచు పండక్కి వచ్చి, "ఒంట్లో వాపు వస్తే నరాల కణాల్లో జన్యువులు మారిపోతాయట వదినా, నేను చదివాను" అని అందరి ముందూ అన్నది. అత్తగారు ఆ ఒక్క ముక్కా పట్టుకున్నారు. అమ్మాయికి తెనాలి నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. ఇది రక్తంలో దిగే జబ్బయితే పెళ్ళివారికి చెప్పాలా, దాచాలా? అమ్మాయికీ వస్తుందా? మిషన్ మానెయ్యాలా? "అసలు నాది నొప్పేనా, నా భ్రమా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

*

అమ్మా, చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. నొప్పే. భ్రమ కాదు.

ఆ రిపోర్టులు ఏం కొలుస్తాయో చూడండి. సీఆర్‌పీ అనేది కాలేయం తయారుచేసే ప్రోటీన్. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, వేడి, ఎరుపు, నొప్పి కలిసి వచ్చే స్థితి, గట్టిగా ఉన్నప్పుడు అది రక్తంలో పెరుగుతుంది. ఈఎస్ఆర్ ఏమో గొట్టంలో పోసిన రక్తంలో ఎర్రకణాలు గంటలో ఎంత కిందికి దిగాయో చెబుతుంది. ఆర్ఏ ఫ్యాక్టర్ రుమటాయిడ్ ఆర్థరైటిస్ కోసం, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళని దెబ్బతీసే జబ్బు కోసం చేసే పరీక్ష. మూడూ ఉపయోగపడే పరీక్షలే, కానీ ఏదీ నరాన్ని చూడదు. నొప్పిని కొలిచే రక్తపరీక్ష ఇంతవరకూ లేదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పికి కొత్త నిర్వచనం ఇస్తూ, మనిషి తనకు నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని దాని వివరణలోనే రాసింది. "ఏమీ లేదు" అన్న డాక్టరు బహుశా "ప్రమాదమేమీ లేదు" అనబోయి ఉంటారు. మీ ఇంట్లో దానికి వేరే అర్థం వచ్చింది.

ఇక మీ ఆడపడుచు చదివిన సంగతి. ఆమె అబద్ధం చెప్పలేదు, సగం చెప్పింది. పూర్తిగా చెబితే అది మీకు అండగా నిలిచే సంగతి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మీ చీలమండలో నొప్పిని పట్టుకునే నరపు పోగు, నడుము దగ్గర వెన్నుపూసల పక్కనుండే చిన్న ముడి దాకా ఒకే కణం. ముడిని డోర్సల్ రూట్ గాంగ్లియన్ అంటారు. కణం కేంద్రకం, దాంట్లో జన్యువులు, అన్నీ ఆ ముడిలోనే ఉంటాయి. కాలి నుంచి అక్కడికి దాదాపు మీటరు దూరం. చీలమండలో వాపు వస్తే ఇంత దూరాన ఉన్న జన్యువులకి ఎలా తెలుస్తుంది అన్నదే అసలు విషయం.

వాచిన చోట కణాలు బోలెడు రసాయనాలు వదులుతాయి. ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్, టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్లు, వీటన్నిటితో పాటు నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్. వీటిలో కొన్ని నరం కొస మీదే నిమిషాల్లో పనిచేస్తాయి. మీ మిరపకాయల మంట సంగతి ఇక్కడే వస్తుంది. నరం కొసల్లో టీఆర్‌పీవీ1 అనే తలుపులాంటి ప్రోటీన్ ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని కనిపెట్టింది. 2021 నోబెల్ బహుమతిలో ఆయనకి భాగం దక్కడానికి ప్రధాన కారణం అదే. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలితే ఆ ప్రోటీన్ తెరుచుకుంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినా తెరుచుకుంటుంది. మెదడుకి రెండూ ఒకేలా చేరతాయి కాబట్టే కారం మనకి మంటగా తెలుస్తుంది, చర్మం నిజంగా కాలకపోయినా. గుంటూరులో మిర్చి ధర చెప్పేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, ఈ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ!

ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు ఈ ప్రోటీన్ తెరుచుకునే హద్దు కిందికి దిగిపోతుంది. మామూలు వెచ్చదనానికే తెరుచుకుంటుంది. అందుకే వాచిన చోట గోరువెచ్చని నీళ్ళు కూడా చురుక్కుమంటాయి, కొద్దిపాటి కారానికే మంట రేగుతుంది. మీ చేతులు చూడకుండా మీ విషయంలో కచ్చితంగా ఇదేనని అనను. కానీ మీరు రాసిన ఆ రెండు లక్షణాలూ తెలిసిన దారిలోనే ఉన్నాయి. ఏ పుస్తకమూ చదవకుండా ఒక మనిషి ఇంత సరిగ్గా కల్పించి చెప్పలేరు. మీ అత్తగారికి ఈ పేరా చదివి వినిపించవచ్చు.

ఇక నెమ్మదిగా జరిగేది. నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌ని నరం కొస పట్టుకుని, లోపలికి లాక్కుని, పోగు వెంట పైకి, ముడిలో ఉన్న కేంద్రకం దాకా కబురు పంపుతుంది. దీనికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. కబురు చేరాక కేంద్రకంలో కొన్ని జన్యువుల్ని చదవడం, అంటే వాటిలో రాసి ఉన్నట్టు ప్రోటీన్లు తయారుచెయ్యడం, పెరుగుతుంది, కొన్నింటిది తగ్గుతుంది. నొప్పి సంకేతాన్ని నడిపే సోడియం చానళ్ళు ఎక్కువ తయారవుతాయి. సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పదార్థాలు ఎక్కువ తయారై రెండు వైపులకీ వెళ్తాయి. వెన్నుపాములోకి వెళ్ళినవి సంకేతాన్ని బలంగా వినిపిస్తాయి. కొసకి తిరిగి వచ్చినవి అక్కడి రక్తనాళాల్ని వెడల్పు చేసి వాపుని ఇంకొంచెం పెంచుతాయి. అంటే నరం కబురు మోసి ఊరుకోదు, తనూ ఒక చెయ్యి వేస్తుంది.

మరి వాపు పోయాక? చాలామందిలో ఇదంతా మెల్లగా సర్దుకుంటుంది. కొందరిలో పూర్తిగా సర్దుకోదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే జాన్ లెవీన్ బృందం ఎలుకల్లో ఒక సంగతి చూపించింది. పాదంలో ఒకసారి వాపు తెప్పించి, అది పూర్తిగా తగ్గాక, కొంచెం ప్రోస్టాగ్లాండిన్ ఎక్కించారు. మామూలు ఎలుకలో కొన్ని గంటల్లో పోవలసిన నొప్పి ఈ ఎలుకలో మర్నాటికీ పోలేదు. పైకి చూస్తే పాదం మామూలుగానే ఉంది, నరం మాత్రం మామూలుగా లేదు. బతికున్న మనిషి వెన్ను పక్క ముడిని కోసి చూడలేం కదా. మనుషుల గురించి తెలిసినదాంట్లో చాలా భాగం చనిపోయాక అవయవదానం చేసినవాళ్ళ నుంచి తీసిన ముడుల వల్ల తెలిసింది. అందుకే ఏ ల్యాబూ మీకు దీని రిపోర్టు ఇవ్వలేదు.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. మీ దగ్గర జాకెట్ల డిజైన్ల పుస్తకం ఉంటుంది కదా. పెళ్ళిళ్ళ సీజన్లో కొన్ని పేజీలు పదేపదే తెరుస్తారు, కొన్నింటి జోలికే పోరు. పుస్తకంలో అచ్చు మాత్రం మారదు. నరపు కణంలో జరిగింది కూడా అంతే. జన్యువు మారలేదు, ఏ జన్యువుని ఎంత చదవాలన్నది మారింది. డీఎన్ఏ మీదా, అది చుట్టుకుని ఉండే ప్రోటీన్ల మీదా పడే రసాయన గుర్తులు ఈ మార్పుని కొంతకాలం నిలబెడతాయి, ఆ గుర్తులు చెరిగే అవకాశమూ ఉంది. పైగా ఇదంతా మీ వెన్ను పక్క కణాల్లో జరిగింది. పిల్లలకి వెళ్ళేది అండంలోని డీఎన్ఏ.

ఇంతెందుకు, మీకు జ్వరం వచ్చింది కిందటేడు. మీ అమ్మాయి పుట్టి ఇరవై ఏళ్ళయింది. మీకు కిందటేడు అంటుకున్నది ఆమె పుట్టుకలోకి ఎలా వెళ్తుంది? చికున్‌గున్యా ఏడిస్ దోమతో వస్తుంది. ఆ అమ్మాయికి మీ నుంచి కావలసిన జాగ్రత్త ఏదైనా ఉంటే, ఇంటి ముందు నీళ్ళ తొట్టి మీద మూత పెట్టడం.

ఒక్కటి మాత్రం దాచను. చూపించుకున్నాక మీకు ఉన్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలితే, దానికి కుటుంబాల్లో కొంచెం మొగ్గు ఉంటుంది. ఆ కొంచెం కూడా సంబంధం ఆపుకునేటంత కాదు.

ఇక చెయ్యగలిగిన పనుల్లో అన్నిటికంటే ముందు ఆ పొట్లాల మాత్రలు. ఉత్తరంలో మీరు దాన్ని చిన్న విషయంగా రాశారు, నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. వేసిన పూటే హాయి, మొహం ఉబ్బడం, ఆకలి పెరగడం చూస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని గట్టి అనుమానం. అలాగే వాడుకుంటూ పోతే షుగర్, బీపీ, ఎముకలు గుల్లబారడం వరసగా వస్తాయి. అలాగని రేపు పొద్దున్నే మానేశారా, అదీ ప్రమాదమే. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథులు పని తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా జరగవచ్చు. కాబట్టి మిగిలిన మాత్రలు పొట్లంతో సహా పట్టుకుని ఈ వారంలోనే ఎంబీబీఎస్ పైన ఫిజీషియన్ చదువు చదివిన డాక్టరు దగ్గరికి వెళ్ళండి, షుగర్, బీపీ చూపించుకోండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయనే చెప్పాలి. ఆర్ఎంపీ గారి మీద కోపం తర్వాత పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత ఒక్కసారి రుమటాలజిస్టుకి, అంటే కీళ్ళ జబ్బుల డాక్టరుకి, చూపించుకోవడం మంచిది. చికున్‌గున్యా కీళ్ళ నొప్పులు నెలలు, కొందరిలో ఏళ్ళు ఉండటం తెలిసిన విషయమే. 2005, 2006ల్లో మన రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు అలా బాధపడినవాళ్ళు మీ వీధిలోనే ఉండి ఉంటారు, అడగండి. సీఆర్‌పీ నార్మల్‌గా ఉన్నా కొందరి కీళ్ళలో ఇంకా ఇన్‌ఫ్లమేషన్ మిగిలి ఉంటుంది, చేత్తో తడిమినా, అల్ట్రాసౌండ్‌లోనూ బయటపడవచ్చు. స్టెరాయిడ్ వాడుతుంటే అది దాగిపోతుంది కూడా. అలా మిగిలి ఉంటే దాన్ని అణిచే మందులున్నాయి, వాటికి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించుకోవాలి.

ఇన్‌ఫ్లమేషన్ లేదని తేలితే దారి మారుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్ పనిచేసేది అలాగని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు. వాపే లేనప్పుడు ఆపడానికి అది పెద్దగా ఉండదు కాబట్టి ఆ మాత్రలు మీకు ఇప్పుడు అంతంతమాత్రంగా పనిచేస్తాయి. కడుపుకీ కిడ్నీలకీ చేసే చెడు మాత్రం పూర్తిగానే చేస్తాయి. నరాల అలజడి తగ్గించే డులోక్సెటిన్, ప్రీగాబాలిన్ లాంటివి డాక్టరు రాయవచ్చు. ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. మొదట్లో మత్తు, నోరెండిపోవడం, వికారం ఉంటాయి. ఆ వారం రోజుల మగతని చూసి మీ అత్తగారు ఏమంటారో ఊహించగలను, ముందే చెప్పి ఉంచండి. డులోక్సెటిన్‌ని డిప్రెషన్‌కీ వాడతారు. మందుల షాపులో ఎవరో ఆ మాట అంటే "చూశావా, మనసుదే" అనుకోవద్దు, అది వెన్నుపాములో నొప్పి సంకేతం మీద కూడా పనిచేస్తుంది. అమెరికాలో 2025 జనవరిలో సోడియం చానల్‌ని ఆపే కొత్త మందు ఒకటి అనుమతి పొందింది. మీ ఆడపడుచు దాని గురించీ చదివి ఉంటుంది. అది కొత్తగా వచ్చిన, కొద్దికాలపు నొప్పికి ఇచ్చింది, మీలాంటి పాత నొప్పికి కాదు.

నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌నే అడ్డుకునే టానెజుమాబ్ అనే ఇంజెక్షన్ కథ కూడా తెలియాలి. మోకాళ్ళ అరుగుదలలో నొప్పి బాగానే తగ్గించింది, కానీ కొందరిలో కీలు మరీ వేగంగా పాడైపోయింది. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం వద్దంది, కంపెనీ మానుకుంది. నొప్పిని మొదలంటా ఆపేసే మందు కోసం ఎదురుచూడవద్దని చెప్పడానికే ఇది రాశాను.

మిషన్ సంగతికొద్దాం. మానేస్తే మొదటి వారం సుఖంగా ఉంటుంది. తర్వాత కీళ్ళు బిగుసుకుంటాయి, చేతిలో సొంత డబ్బు ఉండదు, ఇంట్లో మీ మాటకి ఇప్పుడున్న పాటి విలువ కూడా తగ్గుతుంది. ఇప్పటిలాగే కుడుతూ పోతే శ్రావణ మాసం ఆర్డర్లలో మీరు పడిపోతారు. నాకైతే మూడో దారి నచ్చుతుంది. తొక్కుడు మిషన్ అయితే మోటారు బిగించుకోండి, చీలమండకి చాలా తేడా తెలుస్తుంది. కత్తిరింపు, హుక్కులు, చేతికుట్టు ఎవరికైనా ఇచ్చి కూలి వాళ్ళకి ఇవ్వండి. లాభం కొంత తగ్గుతుంది, నిజమే. ఎంత కుడితే మర్నాడు నొప్పి పెరగలేదో అంత దగ్గర మొదలుపెట్టి, వారానికి కాస్త కాస్త పెంచండి. ఫిజియోథెరపిస్టు దగ్గర వేళ్ళకీ మణికట్టుకీ కసరత్తులు నేర్చుకోండి. తొడిమల పని మాత్రం ఈ సీజన్‌కి వదిలెయ్యమంటాను. తప్పనిసరైతే గ్లౌజులు వేసుకోండి. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది, కాబట్టి ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి.

మీ ఆయన మౌనం గురించి. "ఏమీ లేదు" అన్న మాట ఆయన మీ నోట విన్నారు, డాక్టరు నోట వినలేదు. ఈసారి తీసుకెళ్ళండి. యార్డులో సీజన్ ఉంటే కుదరదంటారు, సెలవుల్లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆయన ముందే డాక్టరుని అడగండి: "రిపోర్టులు నార్మల్‌గా ఉండి కూడా నొప్పి ఉండొచ్చా?" ఆ జవాబు మీరు చెప్పే పది మాటల కంటే బలంగా పనిచేస్తుంది. ఆయన రానంటే ఆడపడుచునే తీసుకెళ్ళండి. మొదలుపెట్టింది ఆమే కదా, పూర్తిచేసే బాధ్యతా ఆమెదే. అత్తగారిని ఒప్పించాలని కూర్చుంటే మాత్రం మీకు నొప్పితో పాటు ఇంకో పని తోడవుతుంది. కొడుకు మారితే ఆవిడ స్వరం కొంత మారుతుంది, మారకపోయినా మీ వైద్యం ఆగదు.

తెనాలి సంబంధం వాళ్ళకి చెప్పాలా అంటారా. దాచిపెడితే, పెళ్ళిలో మీరు చెంబు ఎత్తలేక ఎవరి చేతికో ఇచ్చినప్పుడు వాళ్ళే అడుగుతారు, అప్పుడు లేనిది ఊహించుకుంటారు. ముందుగా కూర్చోబెట్టి జన్యువులు, నరాలు అని వివరించబోతే జబ్బు లేని చోట జబ్బు పుడుతుంది. మాటల మధ్యలో "నాకు కిందటేడు చికున్‌గున్యా వచ్చింది, ఇంకా కీళ్ళ నొప్పులు పోలేదు, మందులు వాడుతున్నాను" అనండి. తెనాలిలోనూ దోమలున్నాయి, వాళ్ళింట్లోనూ ఎవరికో వచ్చే ఉంటుంది. ఆ మాటకే వెనక్కి తగ్గే వాళ్ళయితే పెళ్ళయ్యాక మీ అమ్మాయికి జ్వరం వస్తే ఎలా చూస్తారో కూడా ఇప్పుడే తెలుస్తుంది.

అన్నట్టు, ఇంత ఉత్తరంలో ఈ సంబంధం ఆ అమ్మాయికి ఇష్టమో కాదో ఒక్క లైను లేదు. అదీ కనుక్కోండి.